కొండ కిందున్నది ఎవరిది?

పూర్వం ఒక రాజుగారికి కొండ కింద మండే నల్లరాయి ఉందని తెలిసింది. ఇంకేముంది, అక్కడి గూడెం ఖాళీ చేయించి రమ్మని మంత్రిని పంపాడు.

"నేల పైనున్నదే మీది. కిందున్నదంతా రాజుగారిది," అన్నాడు మంత్రి పల్లకీ దిగకుండానే.

గూడెం జనంలోంచి ముసలి జోగవ్వ ముందుకొచ్చింది. తాతముత్తాతల్ని పాతిపెట్టిన నేల అది. అయినా నెమ్మదిగానే అంది.

"అట్లాగే దొరా. కింద మా చచ్చిపోయినోళ్లున్నారు. ఇకనుంచి వాళ్లూ రాజుగారి మనుషులే కదా. మా ఆచారం ఉంది. చచ్చినోళ్లు ఎవరివాళ్లో వాళ్లే ఒక్కొక్కరికీ రాయి నిలిపి, ఎద్దును కోసి, గూడేనికంతా అన్నం పెట్టాలి. రాజుగారు ఎప్పుడొస్తారు?"

మంత్రి గుడ్లురిమాడు. "మీ శవాలు రాజుగారివెట్లా అవుతాయే ముసలిదానా? అవి మీవే."

జోగవ్వ గూడెంవైపు తిరిగింది. "విన్నారుగా? కిందున్నదీ మనదేనంట."

మంత్రి మళ్లీ నోరు తెరవకముందే, మాట తేలిపోయిందన్నట్టు బోయీలు పల్లకీ వెనక్కి తిప్పేశారు.