పిల్లి వీపుకు కషాయం

భైరవకోట రాజుగారి ముద్దుల పిల్లికి జబ్బు చేసింది. ఆస్థాన వైద్యుడు అవధాని కషాయం కాచి, కోట ఆనవాయితీ ప్రకారం డోలు సన్నాయిలతో ఊరేగిస్తూ తెచ్చాడు. ఆ మోతకు హడలిపోయిన పిల్లి రాజుగారి మంచం కింద దూరి, చెయ్యి పెట్టిన వాళ్ళనల్లా రక్కింది.

రాజుగారు మండిపడ్డారు. "సాయంత్రంలోగా మందు దాని కడుపులో పడకపోతే అందరికీ కొరడా దెబ్బలే! ఛీ, మందంటే అంత భయమేమిటి?" అంటూనే, మూడు రోజులుగా తాగకుండా దాచిన తన జలుబు కషాయం గిన్నెను మెల్లగా దిండు వెనక్కి తోసుకున్నారు.

గది ఊడ్చే సూరమ్మ ముందుకొచ్చింది. "ముందా మేళం ఆపించండి మారాజా" అని, చీపురు కొసను మందులో ముంచి మంచం కింద పిల్లి మీదికి విదిలించింది.

అవధాని పకపకా నవ్వాడు. "ఓసి వెర్రిదానా, జబ్బు కడుపులో ఉంటే మందు వీపుకా?"

"చూస్తా ఉండండి సామీ."

మేళం ఆగి గదిలో సద్దుమణిగింది. పిల్లి బయటికొచ్చి, తన ఒళ్ళు చూసుకుని చీదరించుకుని, వీపు నుంచి తోక దాకా చుక్క మిగల్చకుండా నాకేసింది.

"అంత చేదు ఎలా మింగిందే?" అవధాని నోరెళ్ళబెట్టాడు.

"మీరు నోట్లో పోస్తే అది మందు సామీ, ఒంటికి అంటితే మురికి. పిల్లి మందు మింగదు గానీ, ఒంటి మీద మురికి మాత్రం ఉంచుకోదు."

పక్కనే ఉన్న రాణిగారు దిండు వెనక నుంచి గిన్నె బయటికి తీశారు. రాజుగారి గుబురు మీసాల వంక ఒకసారి చూశారు.

"సూరమ్మా, ఆ చీపురు ఇలా తే!"