రాజుగారి మోటారు సైకిలూ, వెండి నడికట్టూ

నీలవరం రాజుగారికి ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. తన మోటారు సైకిలు ఇంజను చప్పుడు చెయ్యకూడదు.

రాజులకి ఏనుగులుంటాయి గానీ మోటారు సైకిలేమిటని అడక్కండి. ఈయనకి ఉంది. రోజూ సాయంత్రం దానిమీద కోటకొండ ఎక్కి, తన రాజ్యం మొత్తం ఒక్క చూపులో చూసుకుని దిగేవాడు. రాజ్యం అంతే మరి.

ఆ బండి బాగోగులు పేరిశాస్త్రివి. అసలాయన రాజుగారి బట్టలూ నగలూ దాచే కొట్టుకి అధికారి. రాజుగారి ఒంటికి తగిలేవన్నీ ఆ కొట్టు పెత్తనంలోనే ఉండాలని పాత ఆచారం. తలపాగా తలకి తగులుతుంది, బండి సీటు ఇంకోచోట తగులుతుంది. అలా అదీ ఆయన నెత్తిన పడింది.

"శాస్త్రీ, ఆ టిక్ టిక్ ఏమిటయ్యా? గోడ గడియారం మీద కూర్చున్నట్టుంది" అన్నాడు రాజు.

"అది ఉండాలి ప్రభూ. లోపల వాల్వులు తలుపుల్లాంటివి. తలుపుకీ, దాన్ని తోసే కామ్‌కీ మధ్య రవ్వంత సందుంటుంది. ఇంజను వేడెక్కితే లోహం సాగుతుంది. సాగడానికి చోటు కావాలి కదా, లేకపోతే తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ సందు చేసే చప్పుడే అది."

పక్కనే ఉన్న పట్టాభి నవ్వాడు. ఆయన ఆస్థాన యంత్ర విశారదుడు. ఆ బిరుదు ఎవరిచ్చారో ఆయనకొక్కడికే తెలుసు.

"చేతగానివాళ్ళకి అది సందు ప్రభూ. నాకు అది లోపం" అన్నాడు.

అనడమే తడవు మూత విప్పాడు. విసనకర్రలా విచ్చుకునే సన్నటి ఉక్కు రేకులు తీసి, ఒక్కోటీ సందులో దూర్చి కొలిచాడు. వాల్వుల మీద చొక్కా బొత్తాం అంతేసి బిళ్ళలుంటాయి, వాటిని షిమ్ములంటారు. పాతవాటిని అయస్కాంతం పుల్లతో పైకి లాగి, అంతకంటే మందమైనవి పెట్టాడు. ఆఖరికి అన్నిటికంటే పలచని రేకు కూడా దూరలేదు. మూత బిగించి స్టార్ట్ చేశాడు.

టిక్కు లేదు. రాజుగారి మొహం వెలిగిపోయింది.

"శాస్త్రీ, ద్వాదశి విందు అయ్యాక కొట్టు తాళాలు పట్టాభిగారికి అప్పజెప్పి మీ ఊరెళ్ళిపో."

శాస్త్రికి ఇల్లూ, తిండీ, పరువూ అన్నీ ఆ తాళాలే. అయినా "చిత్తం" అన్నాడు. ఇంకేమంటాడు.

ఆ సాయంత్రం రాజుగారు కొండెక్కబోయారు. సగం దారిలో ఇంజను వేడెక్కి, ఆయాసపడి, చతికిలబడింది. భటులు వెనక్కి తోసుకొచ్చారు.

పట్టాభి తొణకలేదు. "చప్పుడేమైనా వచ్చిందా ప్రభూ? రాలేదే. అంటే బండి దివ్యంగా ఉంది. కొండే పెరిగింది, మొన్నటి వానలకి."

రాజు కాసేపు ఆలోచించి, కొండ పైభాగం తవ్వించమని ఆజ్ఞ ఇచ్చాడు. ద్వాదశి సభలో పట్టాభికి వెండి నడికట్టు బహూకరించాలనీ చెప్పాడు.

ఆ నడికట్టుకి ఒక నియమం ఉంది. రాజు తన చేత్తో బిగించాలి, మళ్ళీ రాజే విప్పాలి. కట్టించుకున్నవాడు దాన్ని ముట్టుకోకూడదు.

ఏకాదశి పొద్దున శాస్త్రి దారం పట్టుకుని పట్టాభి ఇంటికి వెళ్ళాడు. నడుం కొలత తియ్యడం బట్టల కొట్టు పనే కదా.

"ఎంత వదులుంచమంటారు పట్టాభిగారూ?"

"వదులా? అది పనితనం లేనివాళ్ళ మాటయ్యా. వెంట్రుక దూరకూడదు."

"తమరు ఈవేళ ఉపవాసం కదా అని అడిగాను."

"ఇంజనుకే సందివ్వనివాణ్ణి, నడుముకిస్తానా? చెప్పింది చెయ్యి."

"చిత్తం" అన్నాడు శాస్త్రి. ఈసారి కాస్త హుషారుగానే అన్నాడు.

మర్నాడు విందుకి ముందు రాజుగారు నడికట్టు బిగించారు. చెక్కినట్టు సరిపోయింది. సభంతా భేష్ అంది. తర్వాత ఆకులు వేశారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, గారెలు, నేతిలో ఈదుతున్న బూరెలు. ముందురోజంతా పస్తున్న మనిషి, పక్కన కూర్చుని కొసరి పెట్టించే రాజు. వద్దనడానికి పట్టాభికి నోరు ఖాళీ లేదు.

భోజనాలయ్యాక రాజు అన్నాడు, "పట్టాభిగారూ, నిశ్శబ్దం గొప్పదనం గురించి సభకి నాలుగు ముక్కలు చెప్పండి."

పట్టాభి లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మొహం వంకాయ రంగుకి తిరిగింది, కళ్ళు బయటికొచ్చాయి.

రాజు కంగారుపడ్డాడు. "ఏమయ్యా శాస్త్రీ, ఈయనకేమైంది?"

శాస్త్రి దగ్గరికెళ్ళి, పట్టాభి పొట్టకి చెవి ఆనించి విన్నాడు.

"చప్పుడేమీ రావడం లేదు ప్రభూ. అంటే దివ్యంగా ఉన్నారు."

"దివ్యమేమిటయ్యా, మనిషి పోయేట్టున్నాడు. పొట్ట పెరిగి నడికట్టు పట్టేసింది."

"పొట్ట పెరగడమా? పెరిగితే కొండ పెరగాలి గానీ."

రాజు శాస్త్రి వంక చూశాడు. పట్టాభి వంక చూశాడు. కిటికీలోంచి కొండ మీద గునపాలు పట్టుకున్న కూలీల వంక చూశాడు. అప్పుడు లేచొచ్చి నడికట్టు కొక్కెం విప్పాడు.

పట్టాభి లోపల్నుంచి ఒక త్రేన్పు వచ్చింది. అలాంటిలాంటిది కాదు, దీపాలు ఊగాయి.

"శాస్త్రీ, నువ్వు చెప్పిన టిక్ టిక్ ఇదేనా?" అన్నాడు రాజు, నవ్వాపుకోలేక. ఇక సభ ఆగలేదు. విస్తళ్ళు ఎత్తేవాళ్ళు కూడా ఆకులు కింద పడేసి నవ్వారు.

"ఏకాదశి నాడు కొలిచినప్పుడే ద్వాదశికి చోటుంచాలి ప్రభూ. బండికీ అంతే. పూర్తిగా చల్లారాక కొలిచి, పలచని బిళ్ళలు వేసి, సందు వదలాలి."

"రేపు పొద్దున్నే వెయ్యి. రెంచీలు పట్టాభిగారు అందిస్తారు. తాళాలు నీ దగ్గరే ఉంచుకో. ఇంద, ఈ నడికట్టు కూడా నీదే, ఇలా రా, బిగిస్తాను."

శాస్త్రి రెండు చేతులూ జోడించాడు.

"మహాప్రసాదం. రెండు వేళ్ళు వదులుంచండి ప్రభూ. నడుస్తుంటే కాస్త టిక్కుమన్నా ఫరవాలేదు."