దేశాయిగారి కొత్త కొడుకు

పల్లకీ కాస్త కుదిపాడని వీరభూపతి దేశాయి కర్రతో బాది, బోయీ సింగన్న చెయ్యి విరిచాడు. ఒకరి భుజాల మీద ఊరేగేవాళ్లకు ఆ భుజాలు మనుషులవని ఎప్పుడూ తోచదు. సింగన్న నేరుగా న్యాయసభకు వెళ్లి ఫిర్యాదు చేశాడు.

ఆ రాజ్యంలో ఎవరినైనా కొట్టినవాడు, దెబ్బ మానేదాకా వైద్యం చేయించి, ఆ కుటుంబాన్ని పోషించాలి. తండ్రి కొడుకును కొడితే మాత్రం నేరం కాదు.

దేశాయి మీసం దువ్వాడు. "వీడు నాకు కన్నకొడుకుతో సమానం. బుద్ధి చెప్పడానికి రెండు తగిలించాను. తప్పా?"

పక్కనున్న అతని కొడుకులిద్దరూ తలలూపారు.

"తప్పేం లేదు నాన్నా!" అన్నాడు సింగన్న. "న్యాయాధికారిగారూ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. మా నాన్న ఆస్తిలో నా వాటా పంచి ఇప్పించండి. తమ్ముళ్లూ, మాగాణి మీరుంచుకుంటారా, నన్ను తీసుకోమంటారా?"

కొడుకులిద్దరూ ఉలిక్కిపడి లేచారు.

"ఛీ! వీడెవడు? నాకూ వీడికీ ఏ సంబంధమూ లేదు!" అని అరిచాడు దేశాయి.

"అయితే పరాయివాడి చెయ్యి విరిచావన్నమాట" అంటూ న్యాయాధికారి శిక్ష విధించాడు.

బయట పల్లకీ దగ్గర మిగతా బోయీలు నిలబడి ఉన్నారు. "ఎత్తండ్రా!" అని కసిరాడు దేశాయి.

"ఎత్తుతాం దొరా. ముందు మేం తమరికి ఏమవుతామో చెప్పండి."