రాజుగారికి ఇవాళ నచ్చిన సిరా

పండూ, ఆ సిరాబుడ్లు కిటికీలో పెట్టి వచ్చి పడుకో నాయనా. పొద్దున్నించీ చూస్తున్నా, ఒక్కో బుడ్డికీ మూత తీయడం, దీపానికి అడ్డం పెట్టి చూడటం, మళ్ళీ మూత పెట్టడం. పెళ్ళిచూపుల్లో కూడా పిల్లని ఇంతసేపు చూడరు. సరిహద్దులో కాపలా కాసే మీ నాన్న పెన్ను పంపిస్తూ ఏమన్నాడు? దీంతో నాకు ఉత్తరం రాయరా అన్నాడు. నువ్వింకా రంగు దగ్గరే ఉన్నావు. సరే, చెల్లాయిని కూడా ఇలా రమ్మను. ఊ మాత్రం కొట్టాలి, లేకపోతే నేను గోడకి కథ చెప్పుకున్నట్టుంటుంది.

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. ఊరంత రాజ్యం, రాజ్యమంత మీసం. పేరు గజభూపతి. ఓడమీద వచ్చిన వర్తకుడొకడు ఆయనకి ఇంకుపెన్ను కానుకిచ్చాడు. మాటిమాటికీ బుడ్డిలో ముంచక్కర్లేదుట, కడుపునిండా సిరా తాగి కూచుంటుందిట. అది వచ్చిన దగ్గర్నించీ రాజుగారికి ఒకటే బెంగ, దాంట్లో ఏ రంగు పోయాలా అని. వంతెన కూలిందయ్యా అని జనం మొత్తుకుంటే, ఉండండి, ఈ నీలంలో నలుపు కాస్త ఎక్కువైందంటారా అని అడిగేవాట్ట. మంత్రులకేం పోయింది, తలాడిస్తే జీతం.

ఒకరోజు ఆయనకి ఆకాశనీలం తెగ నచ్చేసింది. నచ్చిందే తడవుగా ఆ సిరాతోనే ఒక శాసనం రాసి పారేశాడు. రోజూ పొద్దున్నే రాజుగారికి నచ్చిన రంగేదో దండోరా వేస్తారు. ఆ పూట ఆ రంగుతో ఇంకెవరూ రాయకూడదు, రాస్తే ఖైదు. ఆ రంగులో ఉన్న రాతే చెల్లుతుంది. వేరే రంగులో ఉంటే ఎంతటివాడు రాసినా చెత్తకాగితమే. అంత పెద్ద శాసనం రాసిన రాజుగారికి మర్నాడు లేచేసరికి ఆకాశనీలం మొహం మొత్తింది.

ఊ కొడుతున్నారా? ఆవలిస్తే ఊ కొట్టినట్టు కాదు.

ఆ ఊళ్ళో పేరిందేవి అని ఒక కోడలు. ఆమె మొగుడు సూరన్న. మంచివాడు. మంచితనం ఎక్కువ పోసినప్పుడు తెలివికి చోటు చాలదు చూడు, అలాంటి మంచివాడు. సంతలో దూడని అమ్మి, పక్కవాడి దగ్గర సిరా అడుక్కుని, దూడని కొన్నవాడికి చీటీ రాసిచ్చాడు. అది గోరింటాకు రంగు. ఆ పొద్దున్నే రాజుగారికి గోరింటాకు రంగు నచ్చింది. దండోరా సంతకి వచ్చేసరికి సూరన్న సంతకం ఆరిపోయింది. పట్టుకెళ్ళి కొండమీది ఖైదులో వేశారు.

పేరిందేవి ఏడుస్తూ కూచోలేదు, ఏడుస్తూనే నడిచింది. రాజుగారి కాళ్ళమీద పడితే ఆయనకి జాలేసింది. జాలికేం, దండిగా ఉంది. విడుదల చెయ్యమని వంకాయరంగులో హుకుం రాసిచ్చాడు. ఆమె కొండెక్కేసరికి పొద్దువాలింది. ఖైదు అధికారి సింగన్న రేపు రమ్మన్నాడు. ఆయనకి చట్టమంటే ప్రాణం, పక్కవాడి ప్రాణమంటే మాత్రం అంత పట్టింపు లేదు. తెల్లారి హుకుం చూసి, అమ్మా, ఇది వంకాయ, ఇవాళ నెమలికంఠం అన్నాడు.

మళ్ళీ దిగింది, నెమలికంఠంలో రాయించుకుంది, మళ్ళీ ఎక్కింది. తెల్లారితే చిలకపచ్చ. మళ్ళీ దిగింది, చిలకపచ్చలో రాయించుకుంది, మళ్ళీ ఎక్కింది. తెల్లారితే ఉల్లిపొర. పాపం పెళ్ళికి చీరలు కొన్నప్పుడు కూడా అన్ని రంగులు చూడలేదు. రంగు నిలవక హుకుం చెల్లదు, హుకుం చెల్లక తలుపు తెరవరు, తలుపు తెరవక సూరన్న రాడు, సూరన్న రాక పొయ్యి రాజదు, పొయ్యి రాజక అత్తగారు పస్తు, అత్తగారు పస్తుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందా?

ఊచల్లోంచి చూస్తే సూరన్న పక్కటెముకలు కనిపిస్తున్నాయి. నేను బాగానే ఉన్నానే, ఎక్కీ దిగీ నువ్వే చిక్కిపోయావు అన్నాడుట. ఆ మాటకి పేరిందేవికి ఇలాగే ఉంటే ఈ మనిషి నాకు దక్కడని భయమేసింది.

దిగుతూ దిగుతూ ఆలోచించింది. శాసనంలో మెలిక ఒకటి దొరికింది. కానీ అది కొలువులో చెప్తే నలుగురూ నవ్వి ఆమెనీ లోపల పడేస్తారు. కడుపు నిండినవాడికి న్యాయం చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందుకని మర్నాడు పొద్దున్నే రాజుగారి దగ్గరికి వెళ్ళి, ప్రభూ, ఖైదు గోడమీద ఒక రంగుంది, దాని పేరు ఎవరూ చెప్పలేకపోతున్నారు అంది. అబద్ధం కాదు. వానకి గోడ చెమ్మగిల్లి మరక కట్టింది, మరకకి పేరెవరు పెడతారు?

రాజుగారు అన్నం కూడా తినకుండా పరిగెత్తారు. ఆ పూట దండోరా మామిడిచిగురు. పెన్నులో మాత్రం నిన్నటి ఉల్లిపొర మిగిలుంది, అది అయిపోయాక పోద్దామనుకున్నారు. సూరన్న ఉన్న గదిలోకి వెళ్ళి మరకకి ముక్కు ఆనించి చూస్తుంటే సింగన్న వెనకనించి తాళం వేశాడు. ఖైదు తలుపు తీసి ఉంచకూడదు మరి.

తీయరా అన్నారు రాజుగారు. సింగన్న వంగి దణ్ణం పెట్టి, హుకుం దయచేయించండి, తమరే రాసుకోవచ్చు కనక మరీ సులువు అన్నాడు. రాజుగారు రాసి ఊచల్లోంచి ఇచ్చారు. ప్రభూ, ఇది ఉల్లిపొర, ఇవాళ మామిడిచిగురు అన్నాడు. ఆ బుడ్డి తెప్పించరా అంటే, కొట్టువాడు మామిడిచిగురులో చీటీ లేనిదే మామిడిచిగురు బుడ్డి ఇవ్వనన్నాడు. పోనీ రంగు మార్చరా అంటే, దండోరా వేసేవాడు కోటలో నించున్నాడు, రాజుగారు బయటికొచ్చి చెప్పాలని.

సాయంత్రం అంబలి వచ్చింది. రాజుగారి పేరు ఖైదీల్లో లేదు గనక ఆయనకి లేదు. సూరన్న తన దాంట్లో సగం పోశాడు. అది తాగుతూ, మీసం తడుపుకుంటూ, రాజుగారు వెక్కివెక్కి ఏడ్చారుట.

మర్నాడు కొత్త దండోరా లేదు, మామిడిచిగురే సాగుతోంది. అప్పుడు పేరిందేవి ఊచల దగ్గర కూచుని తీరిగ్గా అడిగింది, ప్రభూ, ఈ శాసనం ఏ రంగుతో రాశారని. ఆకాశనీలం అన్నారు. ఆమె సింగన్న వైపు తిరిగింది.

"అయ్యా, ఇవాళ ఆకాశనీలంలో ఉన్న కాగితం ఏమవుతుంది?"

"చెత్తకాగితం" అన్నాడు సింగన్న ఠకీమని. అనేశాక తట్టింది, ఆ శాసనమే ఆకాశనీలమని. చట్టం చెల్లకపోతే ఖైదెక్కడిది? చెమటలు తుడుచుకుని తాళం తీశాడు.

రాజుగారు బయటికొస్తూనే కొత్త శాసనం రాస్తానన్నారు, ఏ రంగులో ఉన్నా రాసిన మాట రాసినట్టే చెల్లుతుందని. కాగితం తెచ్చారు. మరి ఏ రంగుతో రాయను అని నోరు తెరిచారు. పేరిందేవి ఒక్క చూపు చూసింది. నోరు మూసుకుని, ఉన్న ఉల్లిపొరతోనే గబగబా రాసేశారు.

తరవాత వంతెన లేచింది, సూరన్న ఒళ్ళు చేశాడు, పేరిందేవి మళ్ళీ కొండ మొహం చూడలేదు. అత్తగారు మాత్రం, కోడలు ఇన్నాళ్ళూ ఇల్లు పట్టకుండా తిరిగిందని ఊరంతా చెప్పుకుంది. ఆవిడ సంతోషం ఆవిడది.

వింటున్నావా పండూ? రోజుకో రంగు పోసుకో, ఎవరొద్దన్నారు. కానీ అక్కడ చలిలో మీ నాన్న చూసేది రంగు కాదురా, నువ్వు అన్నం తిన్నావా లేదా అని. రేపు పొద్దున్నే చేతికేది దొరికితే అది పోసి రాయి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి. ఏదీ, ఊ అనరేం?