గుండప్ప గుహలో గబ్బిలానికి పరీక్ష

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక గుహ. అందులో గుండప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఆయనకు సంగీతం బాగా తెలుసట పిల్లలూ. అంటే గురక గట్టిగా పెడతాడన్నమాట. గుహ పైకప్పుకు నల్లమ్మ అనే గబ్బిలం, పొట్టను కరుచుకున్న కూనతో వేలాడుతూ ఉండేది.

ఒకరోజు సింగారి అనే పికిలిపిట్ట వచ్చి గుహ వాకిట్లో పాడింది. గుండప్ప మురిసిపోయాడు.

"ఇక్కడ ఒక్కరికే చోటు. పరీక్ష పెడతాను. గెలిచినవాళ్లు ఉండండి" అన్నాడు.

ఆ గుహలో నలభై ఎలుగుబంట్లు పడతాయి. పరీక్షేమో మిట్టమధ్యాహ్నం, నల్లమ్మ నిద్రపోయే వేళ పెట్టాడు. ఎంత న్యాయమో చూడండి.

మొదటిది అందం. "సింగారికి తలమీద కుచ్చు, తోక కింద ఎరుపు. నీకు ఆ చెవులేమిటమ్మా?" అన్నాడు గుండప్ప. అడిగినాయన మూతి సంగతి మనకెందుకులెండి.

రెండోది మర్యాద. సింగారి కొమ్మమీద బుద్ధిగా కూర్చుంది. నల్లమ్మ తలకిందులుగా వేలాడింది. "పెద్దల ముందు ఇదేం పద్ధతి?" అన్నాడు.

మూడోది పాట. సింగారి తీయగా పాడింది. నల్లమ్మ కూడా నోరు తెరిచి పాడింది. గుండప్పకు ఏమీ వినబడలేదు.

"వెక్కిరిస్తున్నావా?"

"పాడాను దొరా. నా గొంతు మీ చెవికి అందదు. దానితోనే దోమల్ని వెతికి పట్టుకుంటాను. బిడ్డకింకా ఎగరడం రాదు. వానలు వెళ్లేదాకా ఉండనివ్వండి."

"సాకులు చెప్పకు, వెళ్లు."

నల్లమ్మ బిడ్డతో వానలోకి వెళ్లిపోయింది.

పొద్దుగూకింది. దోమలు గుంపులుగా వచ్చాయి.

"సింగారీ, వీటిని పట్టవే" అన్నాడు గుండప్ప.

"చీకటి పడితే నాకు కళ్లు కనబడవు దొరా. ఆ సంగతి మీరు అడగలేదుగా" అని సింగారి రెక్కలో తల దూర్చి పడుకుంది.

నాలుగు రోజులకు గుండప్ప ముక్కు, చెవులు ఉబ్బిపోయాయి. నల్లమ్మ ఉంటున్న ఇప్పచెట్టు తొర్ర దగ్గరికి వెళ్లాడు.

"తిరిగి రా తల్లీ. నీ చెవులు ఎంత ముద్దుగా ఉంటాయో."

"ఆ వానలో నా బిడ్డ రెండుసార్లు జారిపోయింది దొరా. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఈ తొర్ర ఇరుకే. అయినా మమ్మల్ని పొమ్మనేవాళ్లు లేరు. నేను రాను" అంది నల్లమ్మ.

అప్పటినుంచి పొద్దుగూకగానే గుండప్ప తన చెంపలు తానే వాయించుకుంటాడు. ఎవరైనా అడిగితే, దోమల కోసమేనని చెబుతాడు.

నీతి: మన ముచ్చటకు పెట్టిన పరీక్షలో ఓడినవాళ్లను పనికిరానివాళ్లని తరిమేస్తే, నష్టపోయేది మనమే.