దొరసాని అడిగిన షాబ్లీ

"గురువుగారండీ, ఈ తెల్ల వైనులో కాసింత పంచదార కలిపితే తప్పేటండీ?" అని గవర్రాజు ఒక మధ్యాహ్నం తన గురువును అడిగాడు.

యానాంలో ఫ్రెంచి జెండా ఎగురుతున్న రోజులవి. పెద్దదొర బంగళాలో సంగాడి నూకరాజు బట్లరు. విందులో వడ్డన నేర్చుకోవాలంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలని పేరు. గవర్రాజు ఇద్దరు పిల్లల తండ్రయ్యాక ఆ విద్యకు వచ్చి చేరాడు. మర్నాడు దొర ఊళ్ళో షావుకార్లకు విందు ఇస్తున్నాడు. తడిగుడ్డ చుట్టిన ఆ తెల్ల వైను, షాబ్లీ, సీసాలు చల్లబడటానికి అప్పటికే బావిలో వేలాడుతున్నాయి.

"పోయినసారి షావుకార్లు ఒక్క గుక్క తాగి ఆముదం తాగిన మొహాలు పెట్టారండి. మింగలేక, దొర ఎదురుగా వదల్లేక నానా అవస్థా పడ్డారు. నేను చూళ్ళేకపోయానండి. ఓ చెంచాడు పంచదార వేస్తే ఎవరికి తెలుస్తాదండీ?"

గవర్రాజు మంచివాడు. ఎదుటివాడి మొహం చిన్నబోతే తట్టుకోలేడు. లోకంలో ఇలాంటి మంచితనం మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. అదే వచ్చిన చిక్కు.

నూకరాజు తుడుస్తున్న గ్లాసు బల్ల మీద పెట్టి, ముప్పై ఏళ్ళ కిందటి సంగతి ఒకటి ఎత్తుకున్నాడు.

అప్పుడాయన ఒక ఫ్రెంచి జడ్జీ ఇంట్లో పనిచేసేవాడు. జడ్జీ భార్య పేరు మదాం క్లెమాన్స్. ఈ షాబ్లీ వైనుకు పేరిచ్చిన ఊరే ఆవిడ పుట్టిల్లు. ఆ ఊళ్ళో ఆవిడ తండ్రికి ద్రాక్షతోట ఉండేది. పెళ్ళినాడు ఆయన ఇచ్చిన పెట్టెలో సీసాలన్నీ అయిపోగా ఒక్కటి మిగిలింది. వచ్చీరాని తెలుగులో ఆవిడ ఆ వైను గురించి నూకరాజుకు చెబుతూ ఉండేది. తమ తోట మట్టి తెల్లగా ఉంటుందట, తవ్వితే చిన్న చిన్న ఆలిచిప్పలు రాళ్ళై కనిపిస్తాయట. "మొదట నాలిక్కి కత్తిలా తగులుతుంది. కంగారు పడకు, ఆగు. అప్పుడు వస్తుంది మా ఊరు" అనేది.

ఆవిడకు మన్యం జ్వరం పట్టుకుంది. రెండు నెలలు మంచం దిగలేదు. డాక్టరు పెదవి విరిచాడు. ఒక ఉదయం ఆవిడ నూకరాజును పిలిచి, "ఆ సీసా తియ్యి. మా నాన్న తోట రుచి ఒక్కసారి చూసి పోతాను" అంది.

నూకరాజు వంటింట్లో బిరడా తీసి, చెడిందో లేదో చూడటానికి, పద్ధతి ప్రకారం ఒక చెంచాడు నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేశాడు. పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్ళు పులిశాయి. రెండు నెలలుగా క్వినైను చేదు తప్ప ఎరగని ఆ నోట్లో మళ్ళీ ఈ పులుపు పొయ్యడమా అని ఆయన ప్రాణం ఉసూరుమంది. గ్లాసులో రెండు చెంచాల పంచదార వేసి, కరిగేదాకా కలిపి తీసుకెళ్ళాడు.

ఆవిడ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఆగింది. చాలాసేపు ఆగింది. ఇంకో గుక్క తాగి మళ్ళీ ఆగింది.

"సీసా మీద మా నాన్న పేరే ఉందా?"

"ఉందమ్మగారూ."

"అయితే నా నాలుకే చచ్చిపోయింది. మా ఊరు కూడా నన్ను వదిలేసింది" అని ఆవిడ గోడవైపు తిరిగి ఏడ్చింది.

పంచదార తగలని వైను వంటింట్లో ముప్పాతిక సీసా ఉంది. పది అడుగుల దూరం. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ గుమ్మంలో జడ్జీ నిలబడి ఉన్నాడు. నూకరాజు ఉద్యోగానికి భయపడి నోరు మెదపలేదు. మూడో రోజున ఆవిడ పోయింది.

గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మిగిలిన వైను ఏం చేశారండీ?"

"ఆ పూటే తాగేశాను. జడ్జీ గానీ రుచి చూస్తే నా బండారం బయటపడుద్దని, వంటింటి వెనక్కెళ్ళి గటగటా మొదలెట్టాను. ముందు పులుపే. ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చి ఆగాను. నోరంతా కడిగేసినట్టయ్యింది. ఆ వెనక సన్నగా ఓ వాసనొచ్చింది. మా అమ్మ ఆలిచిప్పలు కాల్చే గుల్లసున్నం బట్టీలో పనిచేసేది. వానలో తడిసి ఇంటికొస్తే అమ్మ చీర అదే వాసనేసేది. అక్కడే కూలబడి ఏడ్చాను."

"ఏడ్చి?"

"సీసా ఖాళీ చేసి గౌతమిలో పారేశాను."

గవర్రాజు గురువును ఓదార్చబోయాడు.

"మీరు ఆవిడ మేలు కోరే కదండీ కలిపింది."

నూకరాజు బల్ల మీది గ్లాసు మళ్ళీ తీసుకుని తుడవసాగాడు.

"ఆవిడ తన నాలుకనే అనుమానించుకుంటా పోయిందిరా గవర్రాజూ. నా చేతిని అనుమానించలేదు."