వంటింటి గోడ సెలెక్షన్‌కి వెళ్ళింది

చోడవరంలో మరిడమ్మ ఇంటివాళ్ళకి ఒకటే గర్వం. ఊళ్ళో మిగతా జనం చెప్పింది సగం విని సగం గాలికొదిలేస్తారట. వీళ్ళు మాత్రం విన్నమాట అక్షరం పొల్లుపోకుండా చేసేస్తారట. ఇంట్లో ఉండేది మరిడమ్మ, ఆమె తమ్ముడు గవిరినాయుడు, కొడుకు సింహాద్రి. ముగ్గురి తెలివీ కలిపినా అరచెంచా నిండదు, అది వేరే సంగతి.

విశాఖపట్నంలో నాలుగు గోడల మధ్య ఆడే ఫుట్‌బాల్ జట్టు ఒకటి జీతమిచ్చి ఆటగాణ్ణి తీసుకుంటోంది. ఉన్నది ఒక్క ఖాళీ. అది దక్కకపోతే బతుకే వద్దనుకున్నాడు సింహాద్రి. ఆ జట్టు కోచ్ డేవిడ్ మాస్టారి దగ్గరికెళ్ళి సలహా అడిగాడు.

"ఈ ఆటలో గోడని కూడా నీ జట్టు మనిషే అనుకోవాలి. బంతి కొడితే తిరిగి నీకే ఇస్తుంది. నెల్లాళ్ళు సాధన చేసి రా," అన్నాడాయన.

ఇంకేముంది! వంటింటి గోడ జట్టు మనిషైపోయింది. మరిడమ్మ రోజూ పొద్దున్నే దానికి రెండు పచ్చిగుడ్లు, గ్లాసుడు పాలు పట్టించింది. చీమలు బారులు తీరాయి. గవిరినాయుడు నూనె పెట్టి మర్దనా చేశాడు. అంతే, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. "ఒళ్ళు తగ్గతంది, మంచిదే," అని మురిసిపోయాడు. సింహాద్రి మాత్రం నాలుగు బంతులు కొట్టి, గోడ పాపం అలిసిపోతుందని ఆపేసేవాడు.

సెలెక్షన్ రోజు బూట్లు సర్దుకుని బయల్దేరబోతూ గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మా, జట్టు మనిషిని ఒగ్గేసి ఎలాగెళ్తానే?"

"నిజవేరా! నెల్లాళ్ళు గుడ్లు తిన్నాది. ఇప్పుడు ఇంటికాడ కూకోబెడతావేటి?"

అంతే, గవిరినాయుడు గునపం తీశాడు. గోడ విప్పేశారు. కప్పు వచ్చి అన్నం గిన్నె మీద కూర్చుంది. ఇటుకలన్నీ ట్రాలీ ఆటోకెక్కించారు. ఎండ తగలకుండా మరిడమ్మ వాటికి దారంతా గొడుగు పట్టింది.

స్టేడియంలో కోచ్ టీ తాగి వచ్చేసరికి గోలుకి అడ్డంగా గోడ లేచి ఉంది. దాని పక్కన సింహాద్రి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఎదురుగా వచ్చి దానికేసి పది బంతులు కొట్టాడు. పదీ తిరిగొచ్చి అతని ముక్కుకే తగిలాయి.

కోచ్ తల పట్టుకున్నాడు. "ఓరి నాయనా, నీకంటే ఆ గోడే నయం! తీసుకుంటే దాన్నే తీసుకుంటాను. నువ్వు ఇంటికి పో!"

మరిడమ్మకి ఆనందంతో కళ్ళనీళ్ళు ఆగలేదు. మొత్తానికి ఇంటి మనిషికి ఉద్యోగం వచ్చింది! గోడకి దిష్టి తీసింది. "ఏళకి తిండి తిను, ఎవుల్తోనూ తగువు పడకు," అని బుద్ధులు చెప్పింది.

సింహాద్రి ఖాళీ ట్రాలీలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆశపడ్డ చోటు తనకి కాకుండా పోయింది. "పరిగెట్టి సచ్చింది నాను మావా. అదేటో కదల్నైనా కదల్నేదు!"

గవిరినాయుడు బుర్ర గోక్కున్నాడు. "అక్కడే ఉందిరా కిటుకు. ఆళ్ళకి కదలనోడే కావాల."

అంతే! మర్నాటి నుంచి సింహాద్రి గోడ పోయిన చోట, కూలిన కప్పు నెత్తిన ఆనించుకుని, చేతులు బారజాపి నిలబడ్డాడు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. నాలుగోనాడు పొద్దున వీపుకి చల్లగా ఏదో తగిలింది. తల తిప్పబోయాడు.

"కదలకురా," అంది మరిడమ్మ, తట్టలోంచి ఇంకో పేడముద్ద తీస్తూ. "పిడకలు ఎండాల."